చెరిపేసిన జవాబు

తమిళనాడులోని రాజపాళయంలో తెలుగు మాట్లాడే కుటుంబం శ్రీరంగన్‌ది. ఆ ఇంట్లో పొద్దున ఏడు గంటలకు వినిపించేవి అందరి ఇళ్ళలో వినిపించే శబ్దాలే. మిక్సీ మోత, కుక్కర్ విజిల్, బస్సు తప్పిపోతుందని ఒక కేక. వాటి మధ్య ఆ ఇంటి చిన్నకూతురు రక్షిత గొంతు కూడా వినిపించేది.

"అమ్మా, కత్తి లోపల పెట్టినావా?"

"పెట్టినాను కన్నూ."

"నేను బాబు పక్కకు పోలేదుగదా?"

"పోలేదు."

"నేను ఏమీ చేయలేదుగదా?"

"నువ్వేం చేస్తావు? ఏమీ చేయలేదు. ఇడ్లీ తిను, చల్లారిపోతా ఉండాది."

తల్లి ఇందిరాణి సాంబారు కలుపుతూ, వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పేది. రక్షిత పళ్ళెం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, మళ్ళీ అదే అడిగేది. చెప్పులు వేసుకుంటూ ఒకసారి, వీధి గుమ్మం దాటి వెనక్కి వచ్చి ఇంకొకసారి. ఇందిరాణి అన్నిసార్లూ ఓపికగా అదే జవాబు చెప్పేది.

రక్షితకు పదహారేళ్ళు. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదువుతోంది. ఆమె అక్క యువశ్రీ కాన్పుకు వచ్చి పుట్టింట్లోనే ఉంది. మగబిడ్డ. మూడు నెలలు నిండాయి.

పక్కింటి చిన్నమ్మాళ్ ఈ ప్రశ్నలు కిటికీలోంచి వినేది. "నీ చిన్నకూతురు రొంబ జాగ్రత్త, ఇందిరాణీ. అక్క బిడ్డకు ఏమన్నా అవుతుందేమోనని ఎంత కాచుకుంటాది! ఈ కాలంలో ఏ పిల్లకు ఉండాది ఇంత బాధ్యత?" అనేది. ఆ మాటకు ఇందిరాణికి లోలోపల గర్వంగా ఉండేది. ఆ తల్లిని తప్పుపట్టడానికి మనం తొందరపడనక్కరలేదు. చేతులు పదిసార్లు కడుక్కునే బిడ్డను శుభ్రమైన బిడ్డ అంటాం. పుస్తకాలు గంటసేపు సర్దుకునే బిడ్డను పద్ధతైన బిడ్డ అంటాం. ఆ కళ్ళలో ఉన్నది శ్రద్ధో భయమో దగ్గరకు వెళ్ళి చూసేవాళ్ళు మనలో ఎందరు?

రక్షిత కళ్ళలో ఉన్నది భయం. అది మొదలైన రోజు ఆమెకు బాగా గుర్తు.

బిడ్డ పుట్టిన నలభయ్యో రోజు. నూనె రాసిన బిడ్డను లేత ఎండ తగలాలని మేడమీదికి తీసుకువెళ్ళారు. యువశ్రీ తువ్వాలు తేవడానికి దిగుతూ బిడ్డను చెల్లెలి చేతిలో పెట్టింది. మేడ పిట్టగోడ రక్షిత నడుము ఎత్తు. కింద సిమెంటు వాకిలి. సత్రపట్టి నుంచి తన దుకాణానికి వచ్చే, గాయాలకు కట్టే గాజుగుడ్డ మూటలు శ్రీరంగన్ అక్కడే దింపించేవాడు. రక్షిత కిందికి చూసింది. ఆ క్షణంలో, ఎవరో చెవిలో చెప్పినట్టు, ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడు చేతులు వదిలేస్తే?

ఆలోచనతోపాటు దృశ్యం కూడా కళ్ళముందు నిలిచింది.  రక్షిత బిడ్డను గుండెకు హత్తుకుని గోడకు దూరంగా పరుగెత్తింది. అక్క రాగానే బిడ్డను ఆమెకిచ్చి, స్నానాలగదిలోకి వెళ్ళి వాంతి చేసుకుంది.

అలాంటి పిచ్చి ఆలోచన ఒకటి మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తళుక్కుమంటుంది. రైలు వస్తున్నప్పుడు ప్లాట్‌ఫాం అంచున నిలబడితే, వేడినూనె మూకుడు చేతిలో ఉంటే. ఛీ అనుకుని మరిచిపోతాం. రక్షిత మరిచిపోలేకపోయింది. మంచిదాన్నే అయితే నాకిలాంటిది ఎందుకు వస్తుంది అనుకుంది. వచ్చిందంటే నాలో ఏదో ఉన్నట్టే అనుకుంది. ఆ ఇంట్లో బిడ్డను అందరికంటే ఎక్కువ ముద్దు చేసింది తనే. అందుకే ఆ ఆలోచన ఆమెను అంతగా వణికించింది.

ఆ రోజు నుంచి ఆమె బిడ్డను ముట్టుకోలేదు. కత్తి, కత్తెర, పిన్నీసు, చివరకు దిండు కూడా కంటికి కనిపించకూడదు. బిడ్డ నిద్రపోతుంటే గడప ఇవతల నిలబడి ఊపిరి లెక్కపెట్టేది. ఇరవై ఒకటి వరకు తడబడకుండా లెక్కపెడితే బిడ్డ ఆ పూటకు క్షేమం. తడబడితే మళ్ళీ ఒకటి నుంచి. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కునేది. బడిలో ఉండగా హఠాత్తుగా, పొద్దున తెలియకుండా ఏమైనా చేసి వచ్చానేమో అనిపించేది. టీచర్ ఫోన్ అడిగి ఇంటికి చేసేది. "అమ్మా, బాబు ఏం చేస్తా ఉండాడు?" నిద్రపోతున్నాడని తల్లి అంటే, ఊపిరి ఆడుతోందా చూసి చెప్పమనేది.

తల్లి జవాబు చెప్పిన ప్రతిసారీ ప్రాణం కుదుటపడేది. పది నిమిషాలు. తరువాత ఆ పది నిమిషాలు ఐదయ్యాయి. ఐదు రెండయ్యాయి.

ఎవరికీ చెప్పలేదు. ఎవరికని చెబుతుంది? తన ఫోన్లో వెతికితే బిడ్డలను చంపినవాళ్ళ వార్తలు వచ్చాయి. ఆ ఫోటోల్లోని ప్రతి ముఖం తన ముఖంలా కనిపించింది.

ఆ జూలైలో వాళ్ళ బడికి ఒక డాక్టర్ వచ్చింది. పేరు సుగన్య. మదురైలో ఒక ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో పని. సొంత ఊరు రాజపాళయం దగ్గరి మంసాపురం. పిల్లల్లో, కుర్రవయసువాళ్ళలో ఓసీడీ అనే జబ్బు మీద ఆమె నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తోంది. వద్దన్నా అదేపనిగా తిరిగి వచ్చే ఆలోచన, అది పుట్టించే భయాన్ని అణచుకోవడానికి చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయడం, ఇదే ఆ జబ్బు. అది ఏ వయసులో మొదలవుతుంది, మొదలయ్యాక పిల్లలు ఎన్నేళ్ళు దాచుకుంటారు, మొట్టమొదట ఎవరికి చెబుతారు, చెబితే వాళ్ళు ఏమంటారు, ఇవీ ఆమె తెలుసుకోవాలనుకున్నవి.

"మా బళ్ళో అట్లాంటి పిల్లలు లేరు డాక్టర్," అని ప్రధానోపాధ్యాయురాలు మొదట్లోనే చెప్పింది.

"లేకుంటే సంతోషమే మేడం. లేరని కూడా రాసుకుంటాను," అంది సుగన్య.

తల్లిదండ్రుల సంతకాలు ముందే వచ్చాయి. శ్రీరంగన్ ఆ కాగితాన్ని విహారయాత్ర కాగితంతో కలిపి, చదవకుండానే సంతకం చేశాడు.

పేరు రాయనక్కరలేని ప్రశ్నపత్రం. తమిళంలో ఉంది. కింద చింపుకోవడానికి చిన్న చీటీ, దాని మీద డాక్టర్ ఫోన్ నంబర్. అమ్మాయిలు నవ్వుకుంటూ, పక్కవాళ్ళవి చూస్తూ పది నిమిషాల్లో ఇచ్చేశారు. రక్షిత అన్నిటికీ నిజమే రాసింది. చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ‘మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టే ఆలోచన ఏమిటి?’ పెన్సిలుతో రాసింది. చెరిపింది. మళ్ళీ రాసింది. మళ్ళీ చెరిపింది. గంట కొట్టేసరికి ఆ చోట కాగితం చిరిగి చిల్లు పడింది. అలాగే మడిచి ఇచ్చేసింది. చీటీ మాత్రం చింపి పెన్సిల్ డబ్బాలో దాచుకుంది.

ఆ సాయంత్రం సుగన్య మంసాపురంలో తన ఇంటి వసారాలో కూర్చుని ప్రశ్నపత్రాలు ఒక్కొక్కటే చూసింది. చిల్లు పడిన కాగితం చేతికి రాగానే ఆమె వేళ్ళు ఆగాయి. ఆడపిల్ల, పదహారేళ్ళు. భయం రోజుకు ఎనిమిది గంటలకు పైగా. ఎవరికైనా చెప్పారా అన్నదానికి, లేదు. చివర చిల్లు.

ఇంట్లో లోపలి గదిలో కుళాయి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. సుగన్య అన్న నందకుమార్ చేతులు కడుక్కుంటున్నాడు. మధ్యాహ్నం భోజనమప్పుడు మొదలుపెట్టాడు.

ఆ చిల్లు కాగితం ఎవరిదో కనుక్కోవడం కష్టం కాదు. కానీ పేరు అడగనని ఆమె పిల్లలకు మాటిచ్చింది. మాట తప్పితే, రేపు ఏ బిడ్డా ఏ డాక్టర్ ముందూ నిజం రాయదు. వదిలేద్దామా అంటే, ఆ చిల్లు కళ్ళముందునుంచి పోవడం లేదు. చాలాసేపు ఆలోచించి, అందరికీ కలిపి చెబితే ఆ ఒక్కరికీ చేరుతుంది అనుకుంది.

తరువాతి బుధవారం మళ్ళీ బడికి వెళ్ళి అరగంట అడిగి తీసుకుంది.

"ఈ జబ్బు అంటే చేతులు కడుక్కోవడమే అని మీరు అనుకుంటారు," అని మొదలుపెట్టింది. "ఇంకొక రకం ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. కొందరికి తాము ప్రాణంగా చూసుకునేవాళ్ళకు తామే హాని చేస్తామేమో అన్న ఆలోచన వస్తుంది. అమ్మను పొడిచేస్తానేమో, పసిబిడ్డను పడేస్తానేమో అని. అది వాళ్ళ కోరిక కాదు. కోరిక అయితే వాళ్ళు అంతగా వణికిపోరు. ఆలోచన వచ్చినంత మాత్రాన ఎవరూ నేరస్థులు కారు. దీనికి వైద్యం ఉంది. ఈ రోజు బడి వదిలేదాకా నేను లైబ్రరీలో ఉంటాను."

మూడో వరసలో రక్షిత తల ఎత్తలేదు.  తన తల తెరిచి లోపల ఉన్నది బయటికి చదివినట్టనిపించింది. సాయంత్రం లైబ్రరీ గుమ్మం దాకా వెళ్ళింది. లోపల ఎవరో టీచర్ బీరువా సర్దుతూ కనిపించింది. వెనక్కి వచ్చేసింది. బడి గంట కొట్టిన తరువాత కూడా సుగన్య కాసేపు కూర్చుని, ఎవరూ రాకపోవడంతో సంచీ సర్దుకుంది.

శనివారం మధ్యాహ్నం యువశ్రీ కలం కోసం చెల్లెలి సంచీ తెరిచింది. రఫ్ నోట్‌బుక్ ఒకటి బయటపడింది. ఒకే వాక్యం, తమిళ అక్షరాల్లో, పేజీల కొద్దీ. ‘నేను బాబును చంపను.’ మధ్యలో ఎక్కడైనా అక్షరం వంకరపోతే ఆ పేజీ అంతా కొట్టేసి, మళ్ళీ మొదటినుంచి.

యువశ్రీ నోట్‌బుక్ చెల్లెలి ముందుకు చాచింది. "ఏమే ఇది?"

రక్షిత గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అబద్ధం చెప్పవచ్చు. కానీ ఆ డాక్టర్ మాటలు మూడు రోజులుగా లోపల తిరుగుతున్నాయి. ఆమె చెప్పింది. మేడమీద వచ్చిన ఆలోచన, దిండు చూస్తే వచ్చే ఆలోచన, ఊపిరి లెక్కలు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. చెబుతూ అక్క ముఖంలోకి చూసింది. ఆ ముఖం తెల్లబడిపోయింది.

యువశ్రీ ఉయ్యాలలోంచి బిడ్డను లాక్కుంది. నిద్రలో ఉన్న బిడ్డ కెవ్వుమన్నాడు. ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసి గడియ పెట్టుకుంది. లోపలినుంచి సత్రపట్టిలో ఉన్న భర్త నరేన్‌తో ఫోన్లో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. "ఇప్పుడే వచ్చి మమ్మల్ని పిలుచుకుపోండి. ఇక్కడ నా బిడ్డకు ఆపద ఉండాది."

శ్రీరంగన్ దుకాణం నుంచి వచ్చాడు. విషయం విని వీధి తలుపు మూశాడు. గొంతు తగ్గించి, "ఈ మాట ఈ నాలుగు గోడలు దాటకూడదు," అన్నాడు. "గాలి సోకినాది. తళవాయిపురంలో ఉడుక్కు డప్పు కొట్టి గాలి వదిలించే కోడాంగి ఒకడు ఉండాడు. సోమవారం తీసుకుపోతాను. అంతదాకా మేడమీది గదిలో ఉండనీ. బయట గడియ పెట్టు."

రక్షిత తల్లి దగ్గరికి వచ్చింది. గొంతులోంచి ఒక్క ప్రశ్నే వచ్చింది.

"అమ్మా, నేను ఏమీ చేయలేదుగదా?"

రోజుకు నలభైసార్లు జవాబు చెప్పిన ఇందిరాణి నోట మాట రాలేదు. కూతురి చేతుల వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ ఒక్క అడుగుతో రక్షితకు ఈ లోకంలో ఎవరూ మిగల్లేదు.

రక్షితను మేడమీది గదిలో వదిలి, గడియ పెట్టడానికి చేతులు రాక తలుపు దగ్గరికి వేసి వచ్చిన ఇందిరాణి అరగంట తరువాత వెళితే గది ఖాళీగా ఉంది. స్నానాలగదిలో లేదు. వీధిలో లేదు. చిన్నమ్మాళ్ ఇంట్లో లేదు. శ్రీరంగన్ స్కూటర్ తీసుకుని ముందు రైలు పట్టాల వైపు పోయాడు. ఎందుకు అటే వెళ్ళాడో తనకు తానే ఒప్పుకోలేదు. పట్టాల పక్కన ముళ్ళపొదల్లో బడి యూనిఫాం రంగు గుడ్డ ఒకటి కనిపించింది. స్కూటర్ స్టాండు వేయడం కూడా మరిచి దిగాడు. దగ్గరికి వెళితే అది చిరిగిన గోనె. పొదల మధ్యే కూలబడి, ముఖం కప్పుకున్నాడు. ఇంట్లో ఇందిరాణి మేడమీద పిట్టగోడ దాకా వెళ్ళింది. కిందికి తొంగిచూడటానికి ధైర్యం చాలలేదు. గోడకు రెండు మూరల దూరంలో నిలబడి, కళ్ళు మూసుకుని, కూతురి పేరు పిలిచింది.

ఆ సమయంలో రక్షిత పోలీస్ స్టేషన్లో బల్ల మీద కూర్చుని ఉంది.

పాండిసెల్వి అనే కానిస్టేబుల్ ఎదురుగా ఉంది. పన్నెండేళ్ళ సర్వీసు. ఆ పిల్ల లోపలికి వచ్చి ఆ మాట ఎందుకన్నదో ఆమెకు మొదట అర్థం కాలేదు.

"నన్ను లోపల పెట్టండి."

"ఏం చేసినావమ్మా?"

"ఇంకా ఏమీ చేయలేదు. చేస్తానేమో. మా అక్క బిడ్డను. నన్ను బయట ఉండనీయకండి."

పాండిసెల్వి ఆ పిల్ల చేతులు చూసింది. కడిగి కడిగి తోలు లేచి ఎర్రగా పగిలి ఉన్నాయి. నేరం చేసి కాదన్నవాళ్ళను ఆమె ఎందరినో చూసింది. చేయని దానికి శిక్ష అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అరవలేదు, కాగితం తీయలేదు. పక్కన వచ్చి కూర్చుని, "టీ తాగుతావా?" అంది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి వేసినా ఈమె భయపడలేదే అని రక్షితకు ఆశ్చర్యమైంది. అప్పుడు ఏడుపు వచ్చింది. ఏడ్చి ఏడ్చి, పెన్సిల్ డబ్బాలోంచి తీసి వెంట తెచ్చుకున్న చీటీ ఆమె చేతిలో పెట్టింది.

సుగన్య ముప్పావుగంటలో వచ్చింది. అప్పటికే పాండిసెల్వి ఫోన్ చేసి పిలిపించిన శ్రీరంగన్, ఇందిరాణి కూడా వచ్చి బయట నిలబడ్డారు. డాక్టర్ ముందు రక్షితతో ఒంటరిగా మాట్లాడింది. గంటన్నర పట్టింది. ఆ ఆలోచన వస్తే నువ్వేం చేస్తావు, అది రావాలని ఎప్పుడైనా కోరుకున్నావా, ఎవరి మీదైనా కోపముందా, చచ్చిపోవాలనిపించిందా అని ఒక్కొక్కటే, మెల్లగా, ఏదీ వదలకుండా అడిగింది. ఆఖరి ప్రశ్నకు రక్షిత, "పట్టాల దగ్గరికి పోదామని ఒకసారి అనుకున్నాను. అమ్మ ఏడుస్తాదని ఇక్కడికి వచ్చినాను," అంది. సుగన్య ఆ మాట రాసుకోలేదు. కాసేపు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది.

డాక్టర్ బయటికి రాగానే, ఆమెకు తెలుగు రాదనుకుని ఇందిరాణి తెలుగులో భర్తను అడిగింది. "ఏమంటాదో అడగండి. మన పిల్లకు పైత్యం పట్టినాదా, పిచ్చిదయిపోయినాదా?"

"పైత్యం లేదు అక్కా," సుగన్య తెలుగులోనే చెప్పింది. "మీ పిల్ల వల్ల ఎవరికీ ఆపద లేదు. ఆపద అంతా తనకే. దీన్ని ఓసీడీ అంటారు. మనసులో ఒక గంట ఉండాది అనుకోండి, నిజంగా దొంగ వస్తే మోగాల్సింది. మీ పిల్లకు అది గాలికి కూడా మోగుతా ఉండాది. కోడాంగితో అది ఆగదు. గదిలో పెట్టి గడియ వేస్తే ఇంకా మోగుతాది."

శ్రీరంగన్ నేల చూస్తూ అన్నాడు. "మదురైకి తీసుకుపోతే నలుగురికీ తెలుస్తాది డాక్టరమ్మా. ఆడపిల్ల. రేపు ఎవరు చేసుకుంటారు?"

సుగన్యకు కోపం రాలేదు. ఈ మాట ఆమె తన ఇంట్లోనే విన్నది.

"మా అన్నకు పదహారేళ్ళప్పుడు మొదలైనాది. పంపుసెట్టు దగ్గర చేతులు కడుక్కుంటా ఉంటే మా నాయన కొట్టినాడు. తరువాత పూజలు చేయించినారు. ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని లోపలే ఉంచినారు. తెలియకుండానే కాపాడినారు, ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఆయనకు నలభై రెండు. గది దాటి బయటికి రాడు. నేను డాక్టరయ్యి మందు తెచ్చేసరికి పన్నెండేళ్ళు పోయినాయి. కొంచెం తగ్గినాది. పోయిన ఏళ్ళు మాత్రం రాలేదు." ఆమె శ్రీరంగన్ వైపు తిరిగింది. "మీ పిల్లకు మొదలయ్యి నెలలే అయినాయి. తానే నడిచి వచ్చి సాయం అడిగినాది. మీరు వద్దంటారా?"

 ఇందిరాణి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

"రోజంతా దానికి జవాబు చెప్తానే ఉన్నాను," అంది. "ఎందుకు అడుగుతా ఉండావు కన్నూ అని ఒక్కసారి కూడా అడగలేదు."

వైద్యం మొదలైంది. ప్రతి శనివారం మదురైకి బస్సు. చిన్నమ్మాళ్ అడిగితే కంటి పరీక్ష అని శ్రీరంగన్ చెప్పేవాడు. మాత్రలు పని చేయడానికి వారాలు పట్టింది. మాత్రలకంటే కష్టమైనది రెండోది. భయం వచ్చినప్పుడు దాన్ని ఆపడానికి ఏమీ చేయకుండా కూర్చోవాలి. లెక్కపెట్టకూడదు. రాయకూడదు. అడగకూడదు. అడిగితే తల్లి జవాబు చెప్పకూడదు.

"జవాబు చెప్పకుండా ఉండటం కూడా ప్రేమే అక్కా," అని సుగన్య చెప్పింది. "మీరు చెప్పే ప్రతి జవాబూ ఆ భయానికి పెట్టే అన్నం. పిల్లను వదలకండి. భయానికి మాత్రం పెట్టకండి."

మొదటి రోజు ఇందిరాణికి జీవితాంతం గుర్తుంటుంది. యువశ్రీ అప్పటికే బిడ్డతో సత్రపట్టికి వెళ్ళిపోయింది; అయినా రక్షిత బడినుంచి వచ్చి, సంచీ దించకుండానే అడిగింది.

"అమ్మా, నేను పొద్దున ఏమీ చేయలేదుగదా?"

"దానికి నేను జవాబు చెప్పను కన్నూ. నీ పక్కనే ఉంటాను."

"ఒక్కసారి అమ్మా."

ఇందిరాణి తల అడ్డంగా ఊపింది. రక్షితకు చెమటలు పట్టాయి. బతిమాలింది. ఏడ్చింది. "నువ్వు చెప్పలేదంటే నేను చేసినట్టేగదా?" అని తల్లి చీర పట్టుకుని లాగింది. ఇందిరాణి కొంగు నోట్లో కుక్కుకుని, కూతురి వీపు నిమురుతూ కూర్చుంది. చేయలేదు కన్నూ అన్న రెండు ముక్కలు నాలుక చివరే ఉన్నాయి. గోడ గడియారంలో యాభై నిమిషాలు గడిచాయి. వణుకు కొంచెం తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. రక్షిత తల్లి ఒడిలో తల పెట్టుకుని, "అమ్మా, ఆకలేస్తా ఉండాది," అంది.

భయం దానంతటదే దిగిపోతుందని ఆ ఇంట్లో మొదటిసారి తెలిసిన రోజు అది.

యువశ్రీ మాత్రం రెండు నెలలు పుట్టింటికి రాలేదు. ఫోన్ కూడా తల్లికే చేసేది. మూడో నెలలో డాక్టర్ పిలిపిస్తే, బిడ్డను ఎత్తుకుని మదురైకి వచ్చింది. చెల్లెలికి ఎదురుగా, కొంచెం దూరంగా కూర్చుంది. బిడ్డను ఇమ్మని ఎవరూ అడగలేదు.

యువశ్రీ బిడ్డను ఒళ్ళోకి సర్దుకుంది. "డాక్టర్, నాకొకటి చెప్పాల. కాన్పు అయిన నాలుగో రోజు వీడు ఏడుపు ఆపలేదు. ఆస్పత్రి కిటికీ తెరిచి ఉండినాది. వీణ్ణి విసిరేస్తే అని నాకు వచ్చినాది." ఆమె బిడ్డను దగ్గరికి హత్తుకుంది. "ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కూడా. చెల్లెలు చెప్పినప్పుడు నాకు దాన్ని చూసి భయం వేయలేదు. నన్ను చూసి నాకు భయం వేసినాది. అందుకే తలుపు వేసుకున్నాను."

సుగన్య చెప్పింది, ఎందరో తల్లులకు అలా వస్తుందని, వచ్చి పోతుందని, పోనిచ్చినవాళ్ళు మరిచిపోతారని. యువశ్రీ వింటూ లేచి వెళ్ళి చెల్లెలి పక్కన కూర్చుంది.  బిడ్డ చెయ్యి చాచి రక్షిత జడ పట్టుకున్నాడు. రక్షిత శ్వాస బిగబట్టింది. కానీ లేవలేదు. లెక్కపెట్టలేదు.

రక్షితకు పూర్తిగా నయమైందని చెబితే అది అబద్ధం అవుతుంది. పరీక్షలప్పుడు భయం మళ్ళీ వచ్చింది. మళ్ళీ మాత్ర పెంచారు. ఇప్పుడు కూరగాయలు తనే తరుగుతుంది. కొన్ని రోజులు చేతులు వణుకుతాయి, వణుకుతూనే తరుగుతుంది.

సంవత్సరం చివర అదే బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. సుగన్య తన పరిశోధన గురించి అరగంట మాట్లాడింది. పేర్లు చెప్పలేదు. పిల్లలు ఎందుకు దాస్తారన్నదానికి వాళ్ళు రాసిన జవాబులు చదివింది. ‘కొడతారు.’ ‘నవ్వుతారు.’ ‘ఇంట్లోంచి పంపేస్తారు.’ ప్రశ్నలుంటే అడగమంది.  అందరూ పక్కవాళ్ళ బిడ్డ గురించి విన్నట్టు విన్నారు.

అప్పుడు వెనక వరసలోంచి యువశ్రీ లేచింది. చంకలో బిడ్డ ఉన్నాడు. పక్కన కూర్చున్న శ్రీరంగన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. ఒక్క క్షణం ఆగి, తానే వదిలేశాడు.

"నా చెల్లెలు ఈ బడిలోనే చదువుతా ఉండాది," అంది యువశ్రీ. హాలంతా వెనక్కి తిరిగింది. "దానికి ఈ జబ్బు ఉండాది. చెప్పమనే ఈ రోజు నన్ను పంపించినాది. అది తన భయం నాకు చెప్పినప్పుడు నేను తలుపు వేసుకున్నాను. మా అమ్మ వెనక్కి జరిగినాది. మా నాయన ఎవరికీ తెలియకూడదన్నాడు. మాకు దాని మీద ప్రేమ లేక కాదు. మాకు తెలియలేదు. పదహారేళ్ళ పిల్ల ఇంట్లో చోటు లేక, పోలీస్ స్టేషన్ వెతుక్కుంటా పోయినాది. అక్కడ ఒక తెలియని మనిషి దాని భుజం మీద చెయ్యి వేసినాది. ఆ పని మేము చేసి ఉండాల్సినాది."

ముందు వరసలో ఒక తల్లి తల దించుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. యువశ్రీ ఆమె వైపే చూస్తూ, అందరికీ వినిపించేట్టు చెప్పింది.

"మీ బిడ్డ వచ్చి ఎంత భయంకరమైన మాట చెప్పినా, ముందు పక్కన కూర్చోండి. తరువాత డాక్టర్ దగ్గరికి పోండి. భయపడే బిడ్డను చూసి మనమే భయపడి తలుపు వేసుకుంటే, ఆ బిడ్డ ఇంకెవరికి చెప్పుకుంటాది?"